మూడంగుళాల అభయం

ఆ మధ్య మార్చి 8 సందర్భంగా ములుగులో ఒక కాలేజీవాళ్ళు సభ పెట్టారు. వక్తల్లో నేనూ ఉన్నాను. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు. ఆయనకిచ్చిన అంశం 'మహిళలు - ఆత్మరక్షణ'. కరాటే గురించో, పోలీసు ఫోన్ నంబర్ల గురించో చెప్తాడనుకున్నాను. ఆయన నేరుగా రివాల్వర్ దగ్గరికే వచ్చేశాడు. ముందు బెంచీలోని పిల్ల దగ్గర స్కేలు అడిగి తీసుకుని దానిమీద వేలు పెట్టి చూపిస్తూ మొదలుపెట్టాడు. ఇదిగో, ఇది రెండంగుళాల గొట్టం. దాచుకోవడానికి బాగుంటుంది గానీ గురి కుదరదు. ఇది నాలుగంగుళాలు. గురి బ్రహ్మాండం, కానీ హ్యాండ్‌బ్యాగులోంచి తీసేటప్పుడు జిప్పుకి తట్టుకుంటుంది. ఆడపిల్లకి మూడంగుళాలు సరిగ్గా సరిపోతుంది! ఇలా అరగంట. చీరకొలతలు చెప్పే దుకాణదారు ఉత్సాహం ఆయన మొహంలో.

మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. తాడ్వాయి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కోయపిల్ల. "సార్, హ్యాండ్‌బ్యాగే లేకపోతె ఎట్ల?" అంది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, మంచి ప్రశ్న అని మెచ్చుకుని, నడుముకి కట్టుకునే ఒరలున్నాయి, కాలిమడమకి కట్టుకునేవీ ఉన్నాయి అని ఇంకో పదినిమిషాలు చెప్పాడు. ఆ పిల్ల కూచుంది. నా వంతు వచ్చింది. నేను రాసుకొచ్చిన ఉపన్యాసం నేను చదివేశాను. ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఆ సిగ్గు ఈ వ్యాసానికి ఒక కారణం.

రెండో కారణం నా మిత్రురాలు. కవయిత్రి. హనుమకొండకు తిరిగొస్తూ దారిలో నేను గొణుగుతుంటే, "ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? ఎన్నాళ్ళని కొవ్వొత్తులు పట్టుకు తిరుగుతాం? తెలంగాణ సాయుధ పోరాటం చేసిన ఆడవాళ్ళ మనవరాళ్ళం మనం. తుపాకీ అనగానే ఉలిక్కిపడే మధ్యతరగతి స్త్రీవాదం నీది" అంది. ఆ మాట గుచ్చుకుంది. అందుకే జవాబు చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

ముందు ఆ అంగుళాల సంగతే తేల్చుకుందాం. తుపాకుల గోల మనకెందుకు అని తప్పుకుంటే ఆ పెద్దమనిషి మాటే ఆఖరి మాటవుతుంది. కనక కూచుని చదివాను. రివాల్వర్ గొట్టం కురచైనకొద్దీ మందు మండి పుట్టిన వాయువు తూటాని నెట్టే దూరం తగ్గుతుంది. తూటా వేగం తగ్గుతుంది. గొట్టం చివర మంట, చప్పుడు పెరుగుతాయి. గురి చూసుకునే ముందు గుర్తూ వెనక గుర్తూ దగ్గర దగ్గరగా ఉంటాయి కనక చేయి వెంట్రుకవాసి వణికినా తూటా పోవాల్సిన చోటికి పోదు. తుపాకీ తేలికైనకొద్దీ వెనక్కి తన్నుడు ఎక్కువ. గొట్టం మరీ పొట్టిదైతే దాని కింద ఉండే కడ్డీ కూడా పొట్టిదవుతుంది, పేల్చిన తూటాల గుల్లలు పూర్తిగా బయటికి రాకుండా ఇరుక్కుంటాయి. ఇన్ని నష్టాలూ ఒక్క లాభం కోసం. అది దాక్కుంటుంది. తమాషా ఏమిటంటే బట్టల కింద ఎత్తుగా కనబడేది అసలు గొట్టం కాదట, తూటాలుండే గుండ్రటి భాగమూ పిడీనట. ఏళ్ళ తరబడి తుపాకీ మోసినవాళ్ళు చెప్పే మాట ఇది. అంటే అంగుళం తగ్గించుకుంటే దాచుకోవడంలో కలిసొచ్చేది కొంచెం, గురిలో పోయేది బోలెడు.

దీన్నిబట్టి తేలేదేమిటి? కురచ తుపాకీ, తేలిక తుపాకీ బాగా సాధన చేసిన చేతికి తగినవి. మరి వాటిని అమ్మజూపుతున్నదెవరికి? జన్మలో తుపాకీ ముట్టనివాళ్ళకి. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలు పోటీకి వెళ్ళింది. ఆ పోటీ పిస్తోలు గొట్టం ఈ మూడంగుళాలకు రమారమి రెట్టింపు ఉంటుంది. అది దాచుకునేది కాదు, పదిమంది ముందు పట్టుకు నిలబడేది. దానివెనక చిన్నప్పటి నుంచీ రోజూ చేసిన సాధన ఉంది. మా ములుగు చుట్టుపక్కల ఆడపిల్ల వెళ్ళి నలభై తూటాలు కాల్చి చేయి కుదుర్చుకునే చోటు నేనెరిగి ఒక్కటి లేదు.

ఇక ఆ వస్తువుల సంగతి. ఢిల్లీ బస్సు ఘటన 2012 డిసెంబరులో జరిగింది. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్ తెచ్చింది. చనిపోయిన ఆ అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరునే కొంచెం మార్చి తుపాకీకి పెట్టారు. టైటానియం మిశ్రమంతో చేశారు, అరకిలో బరువు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. దాన్ని ఇచ్చేది ఎట్లాగో తెలుసా, నగలపెట్టె లాంటి మెరూన్ రంగు పెట్టెలో! ఆడవాళ్ళకి నగలంటే ఇష్టం కదా అని. వడ్డాణం బదులు రివాల్వర్. తర్వాత 'నిడర్' వచ్చింది, పావుకిలో, గొట్టం రెండంగుళాలైనా ఉండదు. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డుని రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడగొట్టాక, వాటిలో కాన్పూరు కంపెనీ 2023 ఆగస్టులో 'ప్రబల్' తెచ్చింది. 700 గ్రాములు, 76 మిల్లీమీటర్ల గొట్టం. అంటే మన పెద్దమనిషి చెప్పిన మూడంగుళాలు. ఇది కూడా హ్యాండ్‌బ్యాగులో పడుతుందనే ప్రచారం. హ్యాండ్‌బ్యాగు మీద ఇంత నమ్మకం ఎందుకో నాకర్థం కాదు. మనదేశంలో దొంగ ముందు లాక్కునేది దాన్నే.

ధర సంగతి మరోలా చెప్తాను. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ రోజుకూలి 300 రూపాయలు, పని ఏడాదికి వంద రోజులు. ఏమీ తినకుండా దాచుకుంటే మా ఏజెన్సీ స్త్రీకి 'నిర్భీక్' కొనడానికి నాలుగేళ్ళు దాటుతుంది. ఆ అభయం ఎవరికోసమో చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

మణిపూర్‌లో తుపాకులకు మగవాళ్ళని పోగొట్టుకున్న స్త్రీలతో కలిసి పనిచేసిన బీనాలక్ష్మి నెప్రం ఆ 2014లోనే ఇది తప్పని గట్టిగా చెప్పింది. తుపాకుల మధ్య బతికే చోటునుంచి వచ్చిన మాట అది. మనం పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇప్పుడు మా పెద్దమ్మ కూతురి సంగతి చెప్పాలి. చెప్పమని ఆమే అంది. పేర్లు వద్దంది.

బావ కంకర క్రషర్ నడిపేవాడు. ఆయనకో రివాల్వర్ ముందే ఉంది. 2012 ప్రాంతంలో అక్క పేరున ఇంకో లైసెన్సు పెట్టించాడు. తను రాత్రుళ్ళు సైట్ల మీద ఉంటాడు, భార్య ఒంటరిగా ఉంటుంది, ఆమెకి రక్షణ కావాలి అని. అప్పటికి చట్టం ఒక మనిషికి మూడు తుపాకులదాకా ఒప్పుకునేది, 2019లో సవరించి రెండు చేశారు. తన పేరునే ఇంకోటి తెచ్చుకోవచ్చు. కానీ ఆడదాని రక్షణ అంటే ఆ మాటకి ఉండే బరువు వేరు. లైసెన్సు వచ్చింది. మూడంగుళాల గొట్టం రివాల్వర్ వచ్చింది. చుట్టాలందరికీ చూపించాడు. మా ఆవిడకి కొనిపెట్టాను చూడండి అని. నేను కూడా చేతిలోకి తీసుకుని చూసి, అక్కతో "అదృష్టవంతురాలివే" అన్నట్టు గుర్తు. అని ఉంటాను.

అక్క దాన్ని ఒక్కరోజు కూడా బయటికి తీసుకుపోలేదు. అది సాయంత్రాలు టీపాయి మీద ఉండేది, గ్లాసు పక్కన. రాత్రుళ్ళు బావ దిండు కింద ఉండేది. ఎప్పుడూ పేల్చలేదు. ఎప్పుడూ గురిపెట్టలేదు. ఏదన్నా మాటామాటా వస్తే దాన్ని ఒకచోటినుంచి తీసి ఇంకోచోట పెట్టేవాడట. అంతే. "పొడుగుదైతే నా కంటికన్నా కనబడేది చెల్లె. బీరువల పెట్టిండా, బయట పెట్టిండా తెలిసేది. ఇది దిండు కింద పట్టె, జేబుల పట్టె. ఏడ ఉన్నదో తెల్వక నేను ఇల్లంత చూసుకుంట తిరిగేది" అంది నాతో. దాచుకోవడానికి వీలైన పొడవు గురించి నేను విన్న మాటలన్నిట్లోకీ నాకు నిజమనిపించింది ఇదొక్కటే. పరాయి మగవాడి కంటబడకుండా పనికొచ్చే కురచతనమే భార్య కంటబడకుండానూ పనికొస్తుంది. ఆ కొలత తీసుకునేటప్పుడు దాన్ని ఎవరు దాస్తారు, ఎవరినుంచి దాస్తారు అని ఎవరూ అడగరు.

2018 ఎండాకాలంలో అక్క ఆ ఇల్లు వదిలి వచ్చేసింది. ఆ ఏడే ముందస్తు ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పాలి కదా. అక్కకి ఫోనొచ్చింది. "అమ్మా, మీ వెపన్ డిపాజిట్ కాలేదు." నా దగ్గర లేదు సార్ అంటే, లైసెన్సు మీ పేరున ఉందమ్మా, జవాబుదారీ మీదేనమ్మా అన్నారు. అది నిజమే. ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్ళాం. బావ నవ్వుతూ తెచ్చిచ్చాడు. "తీస్కపో, నీదేగద." అక్క దాన్ని తువ్వాల్లో చుట్టి కూరగాయల సంచిలో పెట్టుకుంది. ఆటోలో వెళ్ళాం. స్టేషన్లో కానిస్టేబులు దాన్ని విప్పి చూసి అదిరిపడ్డాడు. నిండుగా ఆరు తూటాలు. "లోడ్ చేసింది ఇట్లెట్ల తెస్తరమ్మా, లైసెన్సు క్యాన్సిలైతది" అని అక్కని కోప్పడ్డాడు. అక్క ఏమీ అనలేదు. ఆ ఆరేళ్ళూ టీపాయి మీద, దిండు కింద అది అట్లాగే ఉందని ఆమెకి ఆ బల్ల ముందు తెలిసింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదా, దీన్నిబట్టి సూత్రం చెప్తావా అంటుంది నా మిత్రురాలు. సరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్ళైన స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామని చెప్పారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో చాలా ఏళ్ళలో అత్యాచారం కేసుల్లో నిందితులు తొంభై శాతానికి పైగా ఆమెకి తెలిసినవాళ్ళే. ఇంటింటా తుపాకులున్న అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం సుమారు అయిదు రెట్లు పెరుగుతుందని తేలింది. అంత దూరం ఎందుకు, మన ఊళ్ళలో పురుగులమందు డబ్బా సంగతి తీసుకోండి. పత్తికీ మిర్చికీ పట్టిన పురుగుని చంపడానికి అది ఇంటికొచ్చింది. 1997-98 నుంచి వరంగల్ జిల్లాలో అది ఎవర్ని చంపిందో మనకి ఒకరు చెప్పాలా? ఇంట్లోకొచ్చిన మారణసాధనం కొన్నప్పటి ఉద్దేశం గుర్తుపెట్టుకోదు.

ఇప్పుడు సాయుధ పోరాటం దగ్గరికి వస్తాను. తుపాకులు పట్టుకుని వరసగా నిలబడ్డ ముగ్గురు స్త్రీల పాత ఫోటో మనందరికీ తెలుసు. మల్లు స్వరాజ్యం తలకి ఆనాడు పదివేల రూపాయల వెల కట్టారు. 2022లో ఆమె పోయినప్పుడు మనమంతా ఆ తుపాకీ గురించే రాశాం. కానీ ఆ ఫోటోలో తుపాకీ ఎంత పొడుగుందో మళ్ళీ చూడమని నా మిత్రురాలిని అడుగుతున్నాను. అది రైఫిలు. హ్యాండ్‌బ్యాగులో పట్టదు, చీరకొంగు కింద దాగదు. భుజాన వేసుకుని ఊళ్ళోకి నడిచిరావాల్సిందే. అది పట్టుకున్న మనిషి వెనక దళం ఉంది. దళానికి అన్నం పెట్టిన ఊరుంది, పోలీసులొస్తే కేకేసి చెప్పే పిల్లలున్నారు, రోకళ్ళూ కారప్పొడీ పట్టుకున్న తల్లులున్నారు. హ్యాండ్‌బ్యాగు రివాల్వర్ వెనక ఏముంది? ఒక రశీదుంది. నువ్వు ఒంటరివి, ఎవరూ రారు, వాడు నాలుగడుగుల దూరందాకా వచ్చేస్తాడు, అప్పుడు నీ తిప్పలు నువ్వు పడు అని ఒప్పించాకే ఆ వస్తువు అమ్ముడవుతుంది. మూడంగుళాల గొట్టం ఆ ఒంటరితనానికి కొలత. దీన్ని ఆ ఫోటో పక్కన పెట్టడం ఆ స్త్రీలకి అవమానం.

పైగా ఆ పొడుగు తుపాకీ పట్టినవాళ్ళకి కూడా ఏం మిగిలిందో 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వాళ్ళ నోటే విన్నాం. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకి పొమ్మన్నారు. పొయ్యి దగ్గరికి. తుపాకీ పట్టడమే విముక్తి అయితే, ఆ మాట అనడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ములుగులో కూచుని ఇవన్నీ రాయడంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ తుపాకీ కొత్త వస్తువు కాదు. 2023 డిసెంబరులో స్త్రీ శిశు సంక్షేమ మంత్రి అయిన ములుగు ఎమ్మెల్యే సీతక్క చిన్నవయసులో అడవిలో తుపాకీ పట్టినావిడే. దాన్ని దించి, లా చదివి, ఎన్నికల్లోకి వచ్చింది. 2024 డిసెంబరు 1న ఏటూరునాగారం మండలం చల్పాక అడవిలో ఎదురుకాల్పులన్నారు, ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు. ఇక్కడి ఆడవాళ్ళు చూసిన తుపాకీ ఎప్పుడూ పొడుగ్గానే ఉంది, ఎప్పుడూ ఇంకొకరి భుజానే ఉంది. ఆ కోయపిల్ల ప్రశ్నకి నవ్వినవాళ్ళకి ఇది తెలియదా? విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో 2007 ఆగస్టులో పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. దర్యాప్తు సరిగా జరగలేదంటూనే 2023 ఏప్రిల్లో కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. వాళ్ళలో ఒకరి బొడ్లో మూడంగుళాల రివాల్వర్ ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. మర్నాడు పేపర్లో ఆమె మావోయిస్టు అయ్యేది.

మన పేరు మీద పేలిన తుపాకుల సంగతీ అంతే. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిల మీద ఆసిడ్ పోశారు. మూడ్రోజుల్లో నిందితులు ముగ్గురినీ కాల్చేశారు. జనం పోలీసులకి పూలదండలు వేశారు. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర నలుగురు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ అది కావాలని జరిపిన కాల్పులేనని చెప్పింది, ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో మన రచయిత్రులూ ఉన్నారు. ఆ చప్పట్లకీ, మార్చి 8 సభలో స్కేలు పట్టుకున్న పెద్దమనిషికీ సంబంధం లేదని నేననుకోను. రెండుచోట్లా మనకి చెప్తున్నది ఒకటే. నీ సమస్యకి జవాబు తూటా. కేసు పెట్టడం, సాక్ష్యం చెప్పడం, బస్సు వేయించుకోవడం, హాస్టలుకి గోడ కట్టించుకోవడం కాదు.

నా మిత్రురాలు నన్ను పిరికిదాన్నంటే ఒప్పుకుంటాను. నేను కూడా ఒకప్పుడు లైసెన్సుకి దరఖాస్తు చేద్దామనుకున్నదాన్నే. చీకటిపడ్డాక బస్సు దిగి ఇంటికి నడిచే రోజుల్లో, వెనక బండి వేగం తగ్గిన చప్పుడు వినబడితే గొంతు ఎండిపోయే రోజుల్లో. ఆ భయం వట్టిది కాదు. బెదిరింపుల మధ్య పనిచేసే ఏ స్త్రీ అయినా ఆలోచించుకుని, నేర్చుకుని తుపాకీ పెట్టుకుంటే ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా పేచీ ఆమెతో కాదు. ఆమె భయాన్ని అంగుళాల్లో కొలిచి నగలపెట్టెలో పెట్టి అమ్ముతున్న ప్రభుత్వ కంపెనీతో. ఆ అమ్మకాన్ని స్త్రీవాదం అంటున్న నా స్నేహితురాలితో.

ఆ కాలేజీవాళ్ళు మళ్ళీ మార్చి 8కి పిలిచారు. ఆ పెద్దమనిషినీ పిలుస్తున్నారట. ఈసారి నాకిచ్చిన సమయం అక్కకి ఇస్తానన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. అక్కకే నచ్చజెప్పాల్సి వచ్చింది. "నాకు ఉపన్యాసాలు ఏడొస్తయి చెల్లె" అంది. కాసేపాగి, "ఆ ఆరు తూటాల ముచ్చట ఒక్కటి చెప్తె సాల్తదా?" అని అడిగింది.